మచ్చ కదులుతోందా?

తామర కాదు. దురద లేదు, అంచున పొలుసు లేదు, గుండ్రంగా పాకలేదు. శోభి కూడా కాదు. శోభి వీపు మీద, మెడ మీద చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఇది ఒక్కటే పట్టీ. తొడ మీద మొదలై మోకాలి వైపు దిగుతోంది. రెండు వేళ్ల వెడల్పు. మధ్యలో కాస్త మెరుపు, అంచుల్లో ఒంటి రంగు కంటే ముదురు నీడ. పట్టీ పొడవునా నూగు రాలిపోయింది. నొప్పి లేదు కనుక పిల్లకు పట్టింపు లేదు, గౌను కింద కనిపించదు కనుక ఇంట్లోవాళ్లూ ఆత్రపడలేదు.

ఇలాంటి ఎనిమిదేళ్ల పిల్ల తాండూరు పక్కన ఏదో ఊళ్లో ఉందనుకుందాం. ఫలానా పిల్ల అని కాదు. కానీ ఆమె తిరిగే దారి మాత్రం చర్మవ్యాధుల ఓపీలో పనిచేసిన ఎవరికైనా తెలిసిందే. ముందు ఊళ్లో ఆరెంపీ. ఆయన తామర అంటాడు. మెడికల్ షాపులో ఒక ట్యూబు, అది అయిపోతే ఇంకోటి. మధ్యలో ఎవరో పెద్దామె మాట మీద ఆకు పసరు. పట్టీ మోకాలు దాటి, పిల్ల బడిలో గొంతుకు కూర్చోలేకపోతోందని టీచరమ్మ చెప్పాక పెద్ద దవాఖాన. “రెండేండ్ల సంది ఉంది సారూ, నొస్తలేదు గద అని ఊకున్నం” అంటుంది తల్లి.

ఈ జబ్బు పేరు స్థానిక స్క్లెరోడెర్మా. చర్మవైద్యులు మార్ఫియా అని కూడా అంటారు. విదేశీ లెక్కల ప్రకారం ఏటా లక్ష మంది పిల్లల్లో ఒకరికో ఇద్దరికో, మహా అయితే ముగ్గురికో కొత్తగా వస్తుంది. తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లా జనాభా 2011 లెక్కల్లో 9 లక్షల పైచిలుకు. అందులో మూడో వంతు పిల్లలనుకుని అదే లెక్క ఇక్కడా వేస్తే, జిల్లా మొత్తానికి ఏడాదికి నాలుగైదు కొత్త కేసులు. అంటే ఒక ఆరెంపీ జీవితమంతా ప్రాక్టీసు చేసినా ఈ జబ్బు ఒక్కసారి కూడా ఎదురుపడకపోవచ్చు. ఆయన్ను తప్పుపట్టడం తేలికే గానీ న్యాయం కాదు.

జిల్లాలో ఈ పట్టీ కంటపడే అవకాశం అందరికంటే ఎక్కువ ఉన్నది రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలకు. 2013లో మొదలైన ఈ పథకం కింద వాళ్లు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వెళ్లి పిల్లలను చూస్తారు. చర్మం విషయంలో వాళ్లు ప్రధానంగా వెతికేది గజ్జి, తామర, ఎగ్జిమా. ఆ మూడింటికీ సరిపోని మచ్చ కనిపిస్తే ఏం చేయాలన్నది ఎవరో ఒకరు వాళ్లకు అరగంట కూర్చోబెట్టి చెప్పవలసిన సంగతి. 2023 నుంచి వికారాబాద్‌లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది కనుక, ఆ అరగంట కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

ట్యూబు సంగతి కూడా చెప్పుకోవాలి. మెడికల్ షాపులో తామరకని ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిసి ఉంటాయి. చర్మం మీద రాసే స్టిరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. కౌంటర్ దగ్గర అది ఎంతవరకు అమలవుతోందో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. స్టిరాయిడ్ క్రీము నెలల తరబడి రాస్తే ఆరోగ్యంగా ఉన్న చర్మమే పల్చబడుతుంది, రంగు తగ్గుతుంది. చివరికి పిల్ల స్పెషలిస్టు దగ్గరికి చేరేసరికి, చర్మం పల్చబడింది జబ్బు వల్లా ట్యూబు వల్లా అన్నది ఆయనకూ చిక్కుముడే. అందుకే వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది.

మన పల్లెల్లో రంగు మారిన మచ్చ చుట్టూ ఉండే పెద్ద భయం కుష్ఠు. ఆ భయానికి ఆధారం ఉంది. మచ్చలు వెతకమని ఆశా కార్యకర్తలకు నేర్పిందీ దానికోసమే. కుష్ఠు మచ్చ మీదా నూగు రాలుతుంది, చెమట తగ్గుతుంది. తేడా తెలిసేది స్పర్శలో. పిల్లను కళ్లు మూసుకోమని దూది కొసతో మచ్చ మీద తాకి, ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించమంటే, స్క్లెరోడెర్మా ఉన్న పిల్ల సాధారణంగా చూపించగలదు. కుష్ఠు నరాన్ని పడుతుంది కనుక ఆ మచ్చ మీద తాకినట్టు తెలియకపోవచ్చు. కుష్ఠు కాదని తేలగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ భయం కలిగించే ఘడియ అదే. “ఏం కాదులే” అన్న మాట మీద ఒక ఏడాది గడిచిపోతుంది.

లోపల జరిగేది క్లుప్తంగా ఇది. ఏ కారణం చేతనో రోగనిరోధక కణాలు చర్మంలోని సన్నని రక్తనాళాల చుట్టూ గుమిగూడతాయి. అవి విడుదల చేసే రసాయన సంకేతాలు ఫైబ్రోబ్లాస్టులనే కణాలను రెచ్చగొడతాయి. ఆ కణాల పని కొలాజెన్ నేయడం. అవి ఆపకుండా నేస్తూ పోతాయి. చర్మం మందమవుతుంది, కింది పొరలకు అతుక్కుంటుంది. మంట చల్లారాక ఆ చోట కొవ్వు కరిగి, చర్మం పలచబడి, గుంట మిగులుతుంది. లోతుగా దిగితే కండరం, ఎముక కూడా.

పట్టీ గీత గీసినట్టు ఎందుకు వస్తుందన్నది దీనిలో ఆసక్తికరమైన సంగతి. అది నరం దారి కాదు, రక్తనాళం దారి కాదు. 1901లో ఆల్ఫ్రెడ్ బ్లాష్కో అనే జర్మన్ వైద్యుడు ఎందరో రోగుల చర్మం మీది గీతలను ఒక బొమ్మ మీదికి ఎక్కించి చూస్తే, అవన్నీ ఒకే నమూనాలో పడ్డాయి. వీపు మీద వి ఆకారం, పొట్ట పక్కన మెలికలు, కాళ్లూ చేతుల మీద నిలువు చారలు. తల్లి గర్భంలో పిండం పెరుగుతున్నప్పుడు చర్మకణాలు విస్తరిస్తూ పోయిన దారులవి. పిల్లల్లో స్క్లెరోడెర్మా పట్టీలు చాలావరకు ఆ దారుల్లోనే పోతాయి. పుట్టకముందే ఒక వరుస కణాల్లో ఏదో చిన్న మార్పు వచ్చి, ఏళ్ల తర్వాత రోగనిరోధక వ్యవస్థ ఆ వరుసను పరాయిదిగా చూస్తోందేమోనని ఒక ఊహ. మొత్తం కారణం ఇంకా తేలలేదు. తేలినంతవరకు ఇది అంటువ్యాధి కాదు. తల్లి గ్రహణంలో బయట తిరిగినందుకు వచ్చిందీ కాదు. బెంచీ మీద పక్కన కూర్చున్న పిల్లకు రాదు.

ఇటలీలోని పాదువా నగరానికి చెందిన పిల్లల కీళ్లవాత నిపుణుడు ఫ్రాంచెస్కో జూలియన్, సహచరులు కలిసి అనేక దేశాల నుంచి 750 మంది పిల్లల వివరాలు పోగుచేసి 2006లో ప్రచురించారు. జబ్బు మొదలైన సగటు వయసు ఏడేళ్లు దాటి కొంచెం. ఆడపిల్లలు మగపిల్లలకు రెట్టింపు కంటే ఎక్కువ. నూటికి 65 మందిలో పట్టీ రూపం. గుండ్రని బిళ్లలుగా వచ్చేది 26 మందిలోనే. పెద్దవాళ్లలో బిళ్లల రూపమే ఎక్కువ కనుక, పెద్దల మార్ఫియాను చూసి అలవాటైన కన్ను పిల్లల విషయంలో ధీమాగా ఉంటే ఇబ్బందే. అదే 750 మందిలో ఐదో వంతు కంటే ఎక్కువ మందికి చర్మం దాటి వేరే చోట కూడా ఏదో ఒక సమస్య ఉంది. ఎక్కువగా కీళ్లలో.

పేరులో స్క్లెరోడెర్మా ఉండటం వల్ల ఇంకో గందరగోళం. ఆ మాటను ఫోన్‌లో వెతికిన తండ్రికి ముందు కనిపించేది ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతీసే ఒళ్లంతా వ్యాపించే స్క్లెరోడెర్మా. పిల్లలకొచ్చే ఈ స్థానిక రకం అలా మారడం చాలా చాలా అరుదు. ప్రాణానికి ముప్పు తెచ్చే జబ్బు కాదిది. కాలికీ, చేతికీ, ముఖానికీ ముప్పు తెచ్చే జబ్బు.

తాండూరులో అయితే ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. తండ్రి బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు, ఇంటి గడప దాకా తెల్ల దుమ్మే, దానివల్ల వచ్చిందా? అడగదగిన ప్రశ్నే. 1914లోనే ఎడిన్‌బరో వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ రాళ్లు చెక్కేవాళ్లలో స్క్లెరోడెర్మా కనిపిస్తోందని రాశాడు. 1957లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల గురించి ఇరాస్మస్ రాశాడు. సిలికా దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు ఆ ఒళ్లంతా వచ్చే రకం ముప్పు పెరుగుతుందని ఆ తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. కానీ ఆ మాట పనిచేసే పెద్దవాళ్ల గురించి, వేరే జబ్బు గురించి. పిల్ల తొడ మీది పట్టీకి దుమ్మును బాధ్యురాలిని చేసే ఆధారం లేదు. తండ్రి ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, రాయి కోసేటప్పుడు నీళ్లు పట్టాలి. అవి ఆయన ఊపిరితిత్తుల కోసం.

ఇక అసలు విషయానికి. జబ్బు పేరు తేలాక డాక్టరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మచ్చ ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా? కదులుతుంటే మందులు పనిచేస్తాయి. ఆగిపోయి గుంట మాత్రమే మిగిలితే, ఎంత బలమైన మందు ఇచ్చినా పోయిన కొవ్వు తిరిగి రాదు. పిల్లకు మిగిలేది మందు దుష్ఫలితమే. ఈ రెండింటినీ విడదీసి కొలవడానికే పిల్లల కీళ్లవాత వైద్యులు లోస్కాట్ అనే కొలమానం తయారుచేసుకున్నారు. శరీరాన్ని 18 భాగాలుగా చూస్తారు. ఒక ఖాతాలో చురుకుదనం: నెల లోపల కొత్త మచ్చ వచ్చిందా లేక పాతది పెరిగిందా, ఎరుపు ఎంత, మందం ఎంత. రెండో ఖాతాలో నష్టం: చర్మం పలచబడటం, కింద కొవ్వు తరగడం, రంగు మారడం. మొదటి ఖాతా నిండుగా ఉంటే వైద్యం. రెండోది మాత్రమే నిండుగా ఉంటే కొలుస్తూ కనిపెట్టుకోవడం.

కాగితం మీద ఇది బాగుంటుంది. మన ఓపీలో ఒక తకరారు ఉంది. ఆ ఎరుపు, ఊదా రంగు అంచు తెల్లతోలు మీద దీపం వేసినట్టు కనిపించేవి. చామనఛాయ మీద, నలుపు మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. ముదురు గోధుమగా, బూడిదగా, కొన్నిసార్లు ఏమీ లేనట్టుగా ఉంటుంది. కంటికి కనిపించలేదని సున్నా వేస్తే మండుతున్న మచ్చను ఆరిన మచ్చ అనుకున్నట్టే. అందుకే మన పిల్లల్లో కంటి కంటే వేలిని ఎక్కువ నమ్మాలని నా అభిప్రాయం. మచ్చను రెండు వేళ్ల మధ్య మడవడానికి ప్రయత్నించాలి, మడత పడుతుందా? అరచేతి వెనుక భాగం ఆనించి, రెండో కాలి మీద అదే చోటుతో పోల్చాలి, వెచ్చగా ఉందా? పగటి వెలుతురు కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఏటవాలుగా చూడాలి. ఇవేవీ యంత్రం అడగవు.

పారదర్శక ప్లాస్టిక్ షీటు మచ్చ మీద పరిచి మార్కరుతో అంచు గీసి, తేదీ వేసి ఫైల్లో పెట్టుకుంటే, మూడు నెలల తర్వాత దానిమీదే ఇంకో షీటు పెట్టినప్పుడు వాదన ఉండదు. టేపుతో రెండు తొడల చుట్టుకొలత, రెండు కాళ్ల పొడవు రాసిపెట్టాలి. పెద్ద ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ చర్మం మందాన్నీ, లోపలి రక్తప్రవాహాన్నీ చూపిస్తుంది. వేడిని ఫొటో తీసే థర్మోగ్రఫీ కూడా వాడతారు, దానితో ఒక మోసం: కొవ్వు పోయి పల్చబడ్డ పాత మచ్చ లోపలి వేడిని దాచలేదు కనుక, ఆరిపోయినా వేడిగానే కనిపిస్తుంది. రక్తపరీక్షల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ఏఎన్‌ఏ పరీక్ష ఈ పిల్లల్లో సగం మందికి కూడా పాజిటివ్ రాదు; వచ్చినా జబ్బు పేరు చెప్పదు. అనుమానం మిగిలితే కొవ్వు పొర దాకా తీసిన చిన్న ముక్క బయాప్సీకి పంపుతారు.

పిల్లల్లో దీన్ని తొందరగా పట్టుకోవాలనడానికి అన్నిటికంటే గట్టి కారణం వాళ్లు పెరుగుతూ ఉండటమే. లేత మొక్కకు ఊతకర్రతో కలిపి కట్టిన తీగను విప్పకపోతే, కాండం లావైన కొద్దీ తీగ దాన్ని కోసుకుంటూ పోతుంది. కీలు మీదుగా పోయే పట్టీ అలాగే చేస్తుంది. ఎముక పొడవు పెరగాలి, పట్టీ సాగదు. మోకాలు పూర్తిగా చాపలేదు, వేళ్లు వంకరపోతాయి, ఒక కాలు రెండోదానికంటే సెంటీమీటరో రెండో పొట్టిగా మిగులుతుంది. పట్టీ చర్మం మీదే కనిపించినా పక్క కీలునూ, దూరపు కీలునూ కూడా వంచి చూడాలి.

ముఖం మీద వస్తే సంగతి వేరు. నుదుటి మధ్య నుంచి జుట్టులోకి నిలువుగా గాడి పడుతుంది, ఆ దారిలో జుట్టు ఊడుతుంది. ఫ్రెంచి వైద్యులు దానికి కత్తివేటు అని పేరు పెట్టారు. ఇంకో రూపంలో ముఖంలో ఒక పక్క మొత్తం మెల్లగా కుంచించుకుపోతుంది. 1825లో ప్యారీ, 1846లో రాంబెర్గ్ వర్ణించిన ఈ రూపానికి వాళ్ల పేర్లే నిలిచాయి. వీటిలో జబ్బు పుర్రె దాటి మెదడు మీద కూడా గుర్తులు పెట్టగలదు. ఎప్పుడూ లేని తలనొప్పి, ఫిట్స్ వాటి సూచనలు. కంట్లో వాపు నొప్పి లేకుండా, ఎరుపు లేకుండా రావచ్చు. అందుకే 2019లో యూరప్ నిపుణులు ఇచ్చిన సిఫార్సుల్లో, తలమీదో ముఖమ్మీదో జబ్బు ఉన్న పిల్లలకు మొదట్లోనే మెదడు ఎంఆర్‌ఐ చేయాలని, ప్రతి పిల్లకూ కంటి పరీక్ష చేయించాలని ఉంది. దవడ కీలు, పళ్ల వరుస కూడా చూడాలి. ఒక పక్క దవడ ఎదగకపోతే పంటి డాక్టరే ముందు గమనిస్తాడు.

వైద్యం విషయానికొస్తే, పైపైన ఒకటి రెండు బిళ్లలే ఉన్న పిల్లకు పైపూత మందులు చాలు: టాక్రోలిమస్, కాల్సిపోట్రియాల్ వంటివి, డాక్టరు చెప్పినంతకాలం స్టిరాయిడ్ క్రీము. అతినీలలోహిత కాంతి చికిత్స కూడా ఉంది గానీ, లోతుగా దిగిన పట్టీకి అది చాలదు, వారానికి రెండు మూడుసార్లు రావాలి. తాండూరు నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైచిలుకు. రోజు కూలీ మానుకుని నెలల తరబడి అన్నిసార్లు రైలెక్కే కుటుంబాలు ఎన్ని ఉంటాయి?

కీలు దాటే పట్టీకి, ముఖానికి, లోతైన మచ్చకు, ఒంట్లో చాలాచోట్ల వచ్చినదానికి కడుపులోకి మందు కావాలి. ఆ మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒకసారి. దాని వెనుక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, ఆ తర్వాత దానికి అడ్డుపడే రసాయనాలనూ చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కి నెట్టి 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయాడు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదులో చిన్న పాలు మాత్రమే వాపు జబ్బులకు ఇస్తారు. “క్యాన్సర్ మందట” అని మెడికల్ షాపులో విని బెదిరి మానేసేవాళ్లుంటారు కనుక ఈ మాట చీటీ రాసేటప్పుడే చెప్పాలి.

2011లో జూలియన్ బృందం 70 మంది పిల్లలతో చేసిన పరీక్ష దీనికి గట్టి ఆధారం. అందరికీ మొదటి మూడు నెలలు స్టిరాయిడ్ ఇచ్చారు. వారిలో 46 మందికి మెథోట్రెక్సేట్, 24 మందికి ఉత్తుత్తి మాత్ర. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది ఉత్తుత్తి మాత్ర వాళ్లలో నూటికి 71 మందికి, మెథోట్రెక్సేట్ వాళ్లలో 33 మందికి. స్టిరాయిడ్ మంటను వెంటనే ఆర్పుతుంది, మెథోట్రెక్సేట్ ఊపందుకోవడానికి వారాలు పడుతుంది; అందుకే మొదట్లో రెండూ కలిపి ఇచ్చి, స్టిరాయిడ్‌ను మెల్లగా దించుతారు.

మోతాదు ఒంటి వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాములు. 120 సెంటీమీటర్ల ఎత్తు, 20 కిలోల బరువున్న పిల్లకు అది 12 చిల్లర. రెండున్నర మిల్లీగ్రాముల మాత్రలు ఐదు, వారంలో ఒకే రోజు. ఈ ‘ఒకే రోజు’ అన్నది అండర్‌లైన్ చేయాలి. రోజూ మాత్రలు మింగడం అలవాటైన ఇళ్లలో పొరపాటున దీన్ని రోజూ వేస్తే నోరు పుండై, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆదివారమో, పిల్ల పుట్టిన వారమో, ఒకటి ఖాయం చేసి క్యాలెండరు మీద సున్నా చుట్టించాలి. వేరే రోజు ఫోలిక్ ఆమ్లం ఇస్తారు, వికారం, నోటిపూత తగ్గడానికి. విరుగుడూ సుబ్బారావు ప్రయోగశాలదే.

తల్లి తప్పకుండా అడిగే ఇంకో మాట, “పథ్యం ఏంది సారూ?” పథ్యం లేదు. కందిపప్పులో ఫోలేట్ ఉంటుంది నిజమే, అది మందును చెడగొట్టదు. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కంది పండే నేల మీద పప్పు మానమనడం కంటే అన్యాయం ఉండదు. చేయించవలసింది మాత్రం ఉంది: రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష, మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి. ఈ పరీక్షలు దగ్గర్లోనే చేయించి, రిపోర్టు ఫోన్లో పంపిస్తే ప్రతిసారీ రాజధానికి పోనక్కర్లేదు. మందు మొదలుపెట్టకముందే క్షయ లేదని చూసుకోవాలి. స్టిరాయిడ్ వేశాక నిద్రపోతున్న క్షయ లేస్తుంది. అనంతగిరి కొండ మీద నిజాం కాలం నుంచి క్షయ ఆసుపత్రి ఉన్న జిల్లాలో ఆ జాగ్రత్తను వివరించడం కష్టం కాకూడదు. బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు బాకీ ఉంటే అవీ ముందే మాట్లాడుకోవాలి.

మెథోట్రెక్సేట్ పడకపోతే, చాలకపోతే మైకోఫెనోలేట్ ఉంది. వీటికి చర్మం డాక్టరు ఒక్కరే చాలరు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో రుమటాలజీ విభాగం, నీలోఫర్‌లో పిల్లల వైద్యులు ఉన్నారు. కాగితాలు, ప్లాస్టిక్ షీట్లు, పాత ఫొటోలు పట్టుకుని వెళ్తే మొదటి రోజే సగం పని అయిపోతుంది. అక్కడ నిర్ణయం తీసుకుంటారు. మిగతాది ఊళ్లో జరగాలి, ముఖ్యంగా ఫిజియోథెరపీ. రోజూ స్నానం తర్వాత నూనె రాసి మోకాలు చాపించడం, వంచడం అమ్మమ్మ చేయగలదు, ఒకసారి చూపిస్తే.

మచ్చ మెత్తబడింది, అంచు ఆగింది అని షీట్లు చెప్పిన తర్వాత కూడా మందు కనీసం మరో ఏడాది కొనసాగాలి. ఇక్కడే ఎక్కువ మంది జారిపోతారు, తగ్గిందిగా అని. మందు ఆపాక సుమారు నాలుగో వంతు పిల్లల్లో జబ్బు మళ్లీ లేస్తుంది, ఒక్కోసారి ఏళ్ల తర్వాత. అప్పుడు అదే మందు మళ్లీ మొదలుపెడతారు. ముఖం మీది గుంటకు సొంత కొవ్వు తీసి నింపే శస్త్రచికిత్స, కాళ్ల పొడవు తేడాకు ఆపరేషన్, ఇవన్నీ జబ్బు పూర్తిగా ఆరిందని తేలాకే. మంట ఉండగా నింపిన కొవ్వును కూడా జబ్బు తినేస్తుంది. తేడా సెంటీమీటరు రెండు సెంటీమీటర్ల లోపే అయితే ఆపరేషన్ మాట ఎత్తనక్కర్లేదు. చెప్పు అడుగున మరో పొర అతికిస్తే నడుము వంకరపోకుండా ఉంటుంది, పిల్ల పొడవు పెరిగిన కొద్దీ ఆరు నెలలకోసారి కొలిచి ఆ పొరను మార్చుకోవాలి.